వీపు నిండా జపాన్ పచ్చబొట్టు వేయించుకోవాలంటే

నాది దేవరకొండలో మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, పాత రాగి తీగ తీసేసి కొత్తది చుట్టడం నా పని. నా వీపు మీద మెడ కింద నుంచి తొడల పైభాగం దాకా జపాన్ పద్ధతిలో వేసిన డ్రాగన్ ఉంది. షాపుకొచ్చే పిల్లలు, వాళ్ల దోస్తులు, ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసేవాళ్లు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, నాకు గూడ గసువంటిది కావాలె, ఏడికెళ్లి మొదలుపెట్టాలె?"

అందరికీ నా జవాబు ఒకటే. ముందు మొత్తం బొమ్మ తేలాలి, ఆ తర్వాతే సూది. మోటారులో తిరగకుండా ఉండే భాగం స్టేటర్‌లో తీగ కూర్చునే గాడులు, అంటే స్లాట్లు ఎన్ని ఉన్నాయి, ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఏ నంబరు తీగ, ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలి అన్నది కాగితం మీద రాసుకోకుండా నేను ఒక్క చుట్టు కూడా వేయను. మధ్యలో లెక్క తప్పిందని తెలిస్తే తీగంతా కోసి తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఒంటి మీద ఆ వీలు కూడా లేదు.

మొత్తం బొమ్మ అంటే

మన దగ్గర టాటూ చిన్నగా మొదలవుతుంది. మణికట్టు మీద అమ్మ పేరు, కొన్నాళ్లకు భుజం మీద త్రిశూలం, ఆ తర్వాత మోచేతి పక్కన సింహం. దేనికది బాగానే ఉంటుంది. చెయ్యంతా నిండాక మాత్రం నాలుగు అడుగుల దూరం నుంచి ఏ బొమ్మా తెలియదు, నల్లగా ఏదో ఉందని మాత్రమే తెలుస్తుంది. జపాన్ పద్ధతిలో వీపు మొత్తానికి ఒకే చిత్రం. అందులో ఒక ప్రధాన రూపం ఉంటుంది, దానికి తోడుగా పువ్వో ఆకో ఉంటుంది. వీటి వెనక అలలు, మేఘాలు, గాలి, రాళ్లతో నల్లటి నేపథ్యం ఉంటుంది. ఈ నేపథ్యాన్ని వాళ్లు గకుబోరి అంటారు.

ఫొటో చూపించేవాళ్లంతా డ్రాగన్ తల చూపిస్తారు. నేను ముందు నేపథ్యం చూడమంటాను. జపాన్ పనికి ప్రాణం అక్కడే ఉంది. ముదురు నలుపు మెల్లగా పలచబడుతూ బూడిద రంగులోకి, అక్కడి నుంచి ఉత్త చర్మంలోకి కలిసిపోవాలి. ఈ షేడింగ్‌ని బొకాషి అంటారు. అల మీది నురుగు, మేఘం అంచు, డ్రాగన్ పొట్ట కింది పొలుసుల మెరుపు చాలావరకు రంగుతో వచ్చేవి కావు, సూది తగలకుండా వదిలేసిన చర్మమే అలా కనిపిస్తుంది. వదిలిన చోటు సరిగ్గా ఉంటే పదడుగుల దూరం నుంచి కూడా బొమ్మ విడిగా లేచి కనిపిస్తుంది. ఏ పని ఫొటో అయినా ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరం పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. అప్పటికీ డ్రాగన్ ఎటు తిరిగిందో తెలిస్తే ఆ పని మంచిది.

రెండోది అంచు. నేపథ్యం ఎక్కడ, ఎలా ఆగాలన్నది కూడా ముందే నిర్ణయించేదే. జపాన్‌లో దీన్ని మికిరి అంటారు. కత్తితో కోసినట్టు తిన్నగా ఆపడం ఒక రకం. పియోనీ పువ్వు రేకుల్లా గుండ్రంగా వంపులు తిప్పి ఆపడం ఇంకో రకం. తెల్లవారే ఆకాశంలా నలుపు పలచబడి మాయమవడం మరో రకం. నేను రేకుల అంచు వేయించుకున్నాను, వంపులు కండరాలతో పాటు కదులుతాయని. ఇది ఎవరి ఇష్టం వాళ్లది. కుడివైపు ఒక రకం, ఎడమవైపు ఒక రకం మాత్రం వేయించుకోకండి.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంత తెలిసి ఉండాలి, ఒంటి మీద జీవితాంతం మోసేది కాబట్టి. ఎదో కాలంలో, అంటే టోక్యోను ఎదో అని పిలిచే రోజుల్లో, ఈ కళ పెద్దదైంది. 1827 ప్రాంతంలో ఉతగావా కునియోషి అనే చిత్రకారుడు పాత చైనా కథలోని 108 మంది తిరుగుబాటు వీరులను చెక్క అచ్చు బొమ్మలుగా వేయడం మొదలుపెట్టాడు. అందులో చాలామంది ఒంటి నిండా పచ్చబొట్లు. జనం వాటిని చూసి తమ ఒళ్ల మీద కూడా అవే కావాలన్నారు. ఆనాటి అగ్నిమాపక మనుషులు డ్రాగన్‌ను పొడిపించుకునేవాళ్లు, అది నీటికి సంబంధించినది కాబట్టి మంటల్లో తోడుంటుందని. 1872లో మెయిజీ ప్రభుత్వం పచ్చబొట్లను నిషేధించింది. ఆ నిషేధం ఉన్న కాలంలోనే, 1881లో, తర్వాత ఐదో జార్జి రాజైన బ్రిటిష్ యువరాజు జపాన్ వెళ్లి చేతి మీద డ్రాగన్ వేయించుకున్నాడు. నిషేధం 1948 దాకా పోలేదు. పోయాక కూడా యాకుజా అనే నేర ముఠాల పేరు ఈ కళకు అంటుకునే ఉంది. ఒసాకాకు చెందిన ఒక కళాకారుడి కేసులో, డాక్టరు లైసెన్సు లేకుండా టాటూ వేయడం నేరం కాదని జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది 2020లోనే. ఇన్ని దెబ్బలు తట్టుకుని బతికిన పని ఇది. అందుకే దాన్ని దాని నియమాల ప్రకారమే వేయించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

చొక్కా కింద ఎంత వరకు

ఒంటి మీద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో జపాన్ వాళ్లు ఎప్పుడో కొలతలు పెట్టుకున్నారు. మోచేతికి పైన ఆగేది గొబు. ముంజేతి మధ్య దాకా వచ్చేది షిచిబు. మణికట్టు దాకా అయితే జూబు. భుజం మీది బొమ్మ ఛాతీ మీదికి తిరిగితే ఆ ముక్క హికాయె. ఒళ్లంతా వేయించుకునేవాళ్లు ఛాతీ మధ్యలో మెడ నుంచి కిందికి ఒక పట్టీ ఖాళీ వదిలేస్తారు. దాన్ని మునెవారి అంటారు. కిమోనో ముందు భాగం కొంచెం తెరుచుకున్నా పచ్చబొట్టు బయటపడదు.

ఈ దాచుకునే పద్ధతి మన పల్లెలకు బాగా సరిపోతుంది. హాఫ్ షర్టు వేసుకుంటే గొబు కనిపించదు. వీపు అసలే కనిపించదు. ఒక రైతు మోటారు తెచ్చి నా ముందు పెట్టినప్పుడు అతనికి కావాల్సింది నా పని, నా డ్రాగన్ కాదు. నా షాపులో ఇది చాలామందికి తెలియదు, నాకు అదే ఇష్టం.

ఇక్కడ తమ్ముళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మా వైపు తెల్లవారుజామున గ్రౌండ్లో పరుగు తీసే పిల్లలు చాలామంది. ఆర్మీలో ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్ప వేరే చోట శాశ్వత పచ్చబొట్టు ఉంటే తీసుకోరు. గిరిజనుల ఆచార పచ్చబొట్లకు మినహాయింపు ఉంది కానీ తండాలో పుట్టినా జపాన్ డ్రాగన్‌కు అది వర్తించదు. కేంద్ర బలగాల్లోనూ చోటు, సైజు రెండింటికీ పరిమితి ఉంది. ఆ ఆలోచన ఏ మూలనో ఉన్నా ఆగండి. ఉద్యోగం సంగతి తేలాక వేయించుకోవచ్చు. 18 నిండనివాళ్లు అసలు అడగొద్దు. నా మాట అడిగితే 25 దాకా ఆగమంటాను. ఒళ్లు స్థిరపడుతుంది, చేతిలో సొంత డబ్బు ఉంటుంది.

పెద్ద బొమ్మకు ఎక్కడ మొదలుపెట్టాలి? వీపు. అది ఒంటి మీద అన్నిటికంటే పెద్ద, చదునైన చోటు. ముందు చెయ్యి వేయించుకుని తర్వాత వీపుకు వస్తే, భుజం దగ్గర రెండూ కలిసే చోట తంటా వస్తుంది. ఒకవేళ చేతులు కూడా ఎప్పటికైనా కావాలనుకుంటే ఆ మాట మొదటి రోజే చెప్పండి. నేపథ్యాన్ని భుజం మీద ఎక్కడ తెరిచి ఉంచాలో ఆర్టిస్టు అప్పుడే గీసుకుంటారు.

ఏ బొమ్మ

జపాన్ బొమ్మల్లో ఏది ఎవరితో ఉండాలన్న లెక్క ఉంది. పులి వెదురు పొదల్లో ఉంటుంది. సింహం లాంటి షిషికి తోడు పియోనీ పువ్వు. ఎదురు ఈదే కోయి చేపకు పారే నీళ్లు, ఎర్రబడి రాలే మేపుల్ ఆకులు. డ్రాగన్‌కు మేఘాలు, గాలి, నీళ్లు. పువ్వు రుతువును చెబుతుంది. చెర్రీ పువ్వు అంటే వసంతం, చామంతి, మేపుల్ అంటే శరదృతువు. ఒకే చిత్రంలో సాధారణంగా రెండు రుతువులు కలపరు. డ్రాగన్‌కు జపాన్‌లో మామూలుగా మూడే గోళ్లు ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికిన చైనా బొమ్మ చూసి ఐదు గోళ్లు పెట్టే ఆర్టిస్టులున్నారు. స్కెచ్ రాగానే గోళ్లు లెక్కపెట్టండి.

నేను డ్రాగన్‌నే కోరుకోవడానికి కారణం నీళ్లు. ఎండాకాలం వచ్చిందంటే బోరు ఎండి, మోటారు కాలి, మొహం వాడిపోయి నా షాపు ముందు నిలబడేవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా నాయనా ఇదే పని చేశాడు. వాన తెచ్చే జంతువు వీపు మీద ఉంటే బాగుండుననిపించింది. తోడుగా చామంతులు పెట్టించుకున్నాను. ఇలాంటి కారణం మీక్కూడా ఒకటి ఉండాలి. ఎవరికీ వివరించాల్సిన పని లేదు, మీకు తెలిస్తే చాలు. గంటలకొద్దీ సూది కింద పడుకున్నప్పుడు అదే పనికొస్తుంది.

దేవుళ్ల సంగతి జాగ్రత్తగా ఆలోచించండి. జపాన్ పచ్చబొట్లలో కనిపించే దేవుళ్లు కొందరు మన దేశం నుంచి బౌద్ధంతో పాటు వెళ్లినవాళ్లే. చేతిలో వీణలాంటి బివా పట్టుకున్న బెంజాయితెన్ మన సరస్వతి. మంటల మధ్య కత్తి, తాడు పట్టుకుని కోపంగా చూసే ఫుదో మ్యోవో సంస్కృతంలో అచలుడు. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడు. నాగార్జునసాగర్‌కు దగ్గర్లో, బౌద్ధం ఒకప్పుడు వెలిగిన నేల మీద బతికే మాకు ఈ పేర్లు పరాయివి కావు. కానీ దేవుడు ఒంటి మీద ఉంటే నడుము కింద ఉండకూడదు, ఇది రెండుచోట్లా మర్యాదే. ఇంట్లో మైల, మాంసం, మందు, చావు ఇళ్లకు పోవడం లాంటివి పట్టించుకునేవాళ్లయితే రోజూ మనసు పీకుతుంది. అలాంటప్పుడు డ్రాగనో, కోయి చేపో, పులో మేలు. తెగిన తలలు, హన్యా ముసుగులు కూడా ఈ సంప్రదాయంలో భాగమే. హన్యా అంటే అసూయతో రాక్షసిగా మారిన ఆడమనిషి, వాళ్ల 'నో' అనే పాత నాటకాల్లోని ముసుగు. అర్థం తెలుసుకుని, ఇంట్లో చిన్నపిల్లలు దాన్ని చూస్తూ పెరుగుతారని గుర్తుపెట్టుకుని ఎంచుకోండి.

కొంతమంది అలల మధ్యలో శివుణ్ని పెట్టమంటారు, చామంతి బదులు తంగేడు పువ్వు పెట్టమంటారు. తంగేడు అంటే నాకు ప్రాణం. మా ఇంట్లో బతుకమ్మకు గుట్ట మీద నుంచి కోసుకొచ్చేది నేనే. అయినా దాన్ని ఈ చిత్రంలో పెట్టను. మన పువ్వుకు మన గీతలతో వేరే బొమ్మ వేయించుకుంటే దానికే అందం.

ఎవరి చేతికి ఒళ్లు అప్పగించాలి

దగ్గర్లో ఉన్న షాపు, తక్కువ రేటు, ఈ రెండూ చూసి ఎంచుకోకండి. జాతరల్లో పచ్చబొట్టు మిషన్ పెట్టుకుని కూర్చునేవాళ్ల దగ్గర చుక్క కూడా పెట్టించుకోకండి. ఒకరికి వాడిన సూది, అదే రంగు గిన్నె ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి అన్నీ రావచ్చు. హైదరాబాద్‌లోనూ, ఇంకా దూరం వెళ్లగలిగితే బెంగళూరు, ముంబై, గోవాల్లోనూ జపాన్ పని మీదే కూర్చున్న ఆర్టిస్టులున్నారు. ఇతర ఊళ్ల నుంచి వచ్చి కొన్నాళ్లు వేసి వెళ్లే గెస్ట్ ఆర్టిస్టులూ ఉంటారు. అయితే ఏళ్ల తరబడి సాగే పని కాబట్టి మధ్యలో కనిపించకుండా పోయే మనిషితో మొదలుపెట్టకండి.

వెళ్లి అడగాల్సింది మానిన పని ఫొటోలు. అప్పుడే వేసిన టాటూ ఎవరిదైనా నిగనిగలాడుతుంది. ఏడాది, రెండేళ్లు గడిచాక గీత చెదిరిందా, నలుపు మరకలు మరకలుగా ఉందా, ఎరుపు నిలిచిందా అన్నది అసలు పరీక్ష. మన రంగు ఒళ్ల మీద వేసినవి అడగండి. రంగు చర్మం పైపొర కింద కూర్చుంటుంది, మన ఛాయ ఆ పైపొరలో ఉంటుంది, కాబట్టి ఏ రంగయినా మన ఛాయ గుండానే కనిపిస్తుంది. లేత పసుపు, లేత గులాబీ మసకబడతాయి. నలుపు, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ, నీలం బాగా నిలుస్తాయి. ఈ సంగతి తనంతట తానే చెప్పే ఆర్టిస్టు మీద నాకు నమ్మకం ఎక్కువ. ఒక పూర్తి వీపు, ఒకే చేతితో మొదటి నుంచి చివరి దాకా వేసినది చూపించలేకపోతే థాంక్స్ చెప్పి వచ్చేయండి.

ఇంకో గుర్తు. మంచి ఆర్టిస్టు మిమ్మల్ని నిలబెట్టి, చేతులు ఎత్తించి, ఒంగమని, తిప్పి చూస్తారు. కాగితం మీద బాగున్న డ్రాగన్ నడుము తిప్పగానే మెడ విరిగినట్టు కనిపించవచ్చు. కొందరు బొమ్మ గీతలను ఒంటి మీదికి దించే పెద్ద స్టెన్సిల్ కాగితం అంటిస్తారు, కొందరు మార్కర్లతో నేరుగా ఒంటి మీదే గీస్తారు. ఆ గీతలు వేశాక ఫొటో తీయించుకుని, నచ్చకపోతే చెప్పండి. చెరిపేసి మళ్లీ గీయగలిగేది ఆ ఒక్క గంటే. మీరు తెచ్చిన ఇంకొకరి వీపు ఫొటోను మక్కీకి మక్కీ దించమని మాత్రం అడగకండి. ఆ బొమ్మ వేరే మనిషి ఎముకలకు గీసినది.

మిషన్ల గురించి నాకు తెలిసింది చెబుతాను. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ టాటూ మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాడు, ఎడిసన్ ఎలక్ట్రిక్ పెన్ను చూసి. కాయిల్ మిషన్‌లో రెండు రాగి చుట్లు కరెంటు తగలగానే అయస్కాంతమై ఒక ఇనుప పట్టీని కిందికి లాగుతాయి. పట్టీ దిగగానే సర్క్యూట్ తెగుతుంది, స్ప్రింగు దాన్ని పైకి లేపుతుంది, మళ్లీ కరెంటు తగులుతుంది. ఆ జుయ్‌మనే చప్పుడు దాందే. రోటరీ అనే రెండో రకం మిషన్‌లో చిన్న మోటారు ఉంటుంది, చప్పుడు తక్కువ. ఇప్పుడు ఎక్కువమంది పెన్నులాంటి రోటరీకి కార్ట్రిడ్జ్ సూదులు తగిలించి వేస్తున్నారు. ఏ మిషన్ అయినా పర్వాలేదు, చెయ్యి ముఖ్యం. కార్ట్రిడ్జ్ లోపల రక్తం, రంగు వెనక్కి మిషన్‌లోకి పోకుండా ఒక పొర ఉండాలి. అది ఉందా అని అడగండి. సూది ప్యాకెట్ సీలు మీ కళ్ల ముందే విప్పాలి. రంగు చిన్న కప్పుల్లో మీ కోసం పోసి, మిగిలింది పారేయాలి. స్టీలు సామాను వాడితే ఆటోక్లేవ్ ఉండాలి, 121 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే పెట్టె అది. వేడి నీళ్లలో ఉడికిస్తామంటే లేచి వచ్చేయండి.

తెబోరి అని చేత్తో వేసే పద్ధతి ఉంది. కర్ర లేదా లోహపు కాడ చివర సూదుల గుత్తి కట్టి, ఒక చెయ్యి మీద ఆనించి, లయగా పొడుస్తారు. యోకోహామాలోని మూడో హోరియోషి లాంటి పెద్ద కళాకారులు కూడా గీతలు మిషన్‌తో వేసి, షేడింగ్, రంగు చేత్తో నింపే పద్ధతి పాటించారు. నాది అంతా మిషన్ పనే. తెబోరి తెలిసినవాళ్లు దొరికితే అదృష్టమే కానీ అదే కావాలని పట్టుబట్టి రాని చేతికి వీపు ఇవ్వకండి.

ఖర్చు, కాలం

చిన్న టాటూకు చదరపు అంగుళం లెక్క చెబుతారు. పెద్ద బొమ్మకు గంటకో, సిట్టింగుకో మాట్లాడుకోవాలి. వీపు మొత్తానికి 30 గంటలు సులువుగా దాటుతుంది, వివరం ఎక్కువైతే 50 కూడా దాటుతుంది. ఒక్కో సిట్టింగు మూడు నుంచి ఐదు గంటలు. అదే చోట మళ్లీ వేయాలంటే కనీసం మూడు, నాలుగు వారాలు ఆగాలి. కాబట్టి ఏడాది నుంచి రెండేళ్ల పని అనుకోండి. డబ్బు ఒకేసారి పెట్టనక్కర్లేదు. నెలనెలా చిట్టీ కట్టినట్టు పక్కన పెడుతూ పోవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు. పని వరస కూడా దీనికి సాయపడుతుంది. ముందు మొత్తం గీతలు వేస్తారు, దాన్ని సుజిబోరి అంటారు. తర్వాత నల్ల షేడింగ్. చివరికి రంగు. గీతలు పూర్తయ్యాక డబ్బు ఇబ్బందై ఆర్నెల్లు ఆగినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. ఒక మూల పూర్తిగా రంగుతో నింపేసి, రెండో మూల ఖాళీగా వదిలే ఆర్టిస్టుతో ఆ సౌకర్యం ఉండదు.

మా దగ్గర సిట్టింగులకు మంచి కాలం దసరా దాటాక మొదలై శివరాత్రి లోపల ముగుస్తుంది. నల్గొండ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, చెమటతో పచ్చి పుండు మానదు. నాకైతే ఎండాకాలం మోటార్లు కాలే కాలం కూడా, ఊపిరి సలపదు. వరి కోతలు, పత్తి ఏరే పనులున్నవాళ్లు అవి ముగిశాక సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. దుమ్ము, నూగు, ఎరువు తాజా టాటూకు పడవు.

మొదటి సిట్టింగుకు ముందు ఒకసారి డాక్టరును కలవండి. సుగర్ అదుపులో ఉందా, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారా అన్నది చెప్పాలి. మాత్రలు సొంతంగా ఆపేయకండి. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది, ముందే మొదలుపెట్టండి. ఎడమ భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ ముట్టుకుని చూడండి. అది మచ్చ దాటి గట్టిగా, ఉబ్బి పెరిగి ఉంటే మీకు కీలాయిడ్ వచ్చే ఒళ్లు కావచ్చు. చర్మ డాక్టరు సరే అనేదాకా పెద్ద టాటూ జోలికి పోవద్దు. రంగుల్లో అలర్జీ ఎక్కువగా ఇచ్చేది ఎరుపు. ఈ పద్ధతిలో ఎరుపు బాగా వాడతారు కాబట్టి ముందు ఒక చిన్న చోట వేయించుకుని కొన్ని వారాలు చూడటం మంచిది.

సూది కింద

నొప్పి ఉంటుంది. మా అమ్మ చేతుల మీద పాతకాలం పచ్చబొట్లున్నాయి. ఊరికొచ్చే ఎరుకల ఆమె పొడిచినవి. నా సంగతి విని ఆమె మొదట అన్నమాట, "నాకు గీ నాలుగు గీతలకే జరమొచ్చిందిరా బిడ్డా, నువ్వు వీపంతనా?" ఆమె చెప్పింది నిజమే. పెద్ద సిట్టింగు అయిన రాత్రి ఒళ్లు వెచ్చబడి, వణుకు వస్తుంది. వెన్నెముక మీద, పక్కటెముకల మీద, నడుము కింద, తొడ వెనక ఎక్కువ నొప్పి. భుజం రెక్క మీద ఎముక మీద కొట్టినట్టుంటుంది. అన్నిటికంటే కష్టం చివరి గంట, అప్పటికే మండుతున్న చోట మళ్లీ షేడింగ్ చేసేటప్పుడు.

ముందురోజు మందు తాగకండి, బాగా నిద్రపోండి. పొద్దున కడుపు నిండా తినండి. నేను జొన్నరొట్టె, పప్పు, పెరుగు తిని పోయేవాడిని. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతాయి. అరటిపళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పెద్ద సీసా నీళ్లు పెట్టుకోండి. కళ్లు తిరుగుతున్నట్టనిపిస్తే వెంటనే చెప్పండి, ఓర్చుకోవడం గొప్ప కాదు. ఊపిరి బిగబట్టకండి, గీత పడేటప్పుడు మెల్లగా వదలండి. మొద్దుబారే క్రీమ్ ఆర్టిస్టును అడగకుండా రాసుకెళ్లకండి. దాని తడికి చర్మం తీరు మారుతుంది, వీపంత చోటికి పూస్తే మందు ఒంట్లోకి ఎక్కువైపోయే ప్రమాదం కూడా ఉంది.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ చెప్పరు. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా దేవరకొండ వంద కిలోమీటర్ల పైమాటే. బస్సు సీటు రెగ్జిన్‌కు పచ్చి వీపు ఆనిందంటే అంతే. ఆ రాత్రి నగరంలోనే చుట్టాలింట్లోనో దోస్తు రూములోనో పడుకుని మర్నాడు రండి. వచ్చేటప్పుడు ఉతికిన వదులు కాటన్ చొక్కా వేసుకుని, ముందు సీటు కమ్మీ మీద చేతులు పెట్టుకుని ముందుకు ఒంగి కూర్చోండి. బైకు మీద ఎండలో అసలే వద్దు.

మానేదాకా

వీపుకు మీ చెయ్యి అందదు. ఈ ఒక్క కారణంగా ఇంట్లో ఒకరికి ముందే చెప్పి ఒప్పించుకోవాలి. నాకు మా ఇంటామె చేసింది. మొదట అలిగింది, డబ్బు సంగతి అడిగింది, అడగడం న్యాయమే. చిట్టీ లెక్క, పిల్లల ఫీజు లెక్క రెండూ ముందు పెట్టాను. తర్వాత పూటపూటకూ చేతులు కడుక్కుని వచ్చి, నీళ్లు పోసి, క్రీమ్ రాసింది ఆమే. ఆ బొమ్మలో ఆమె పని కూడా ఉంది.

ఆర్టిస్టు టాటూ మీద పలచని ప్లాస్టిక్ ఫిల్మ్ అంటిస్తే చెప్పినన్నాళ్లు ఉంచండి. కింద నీరు బాగా చేరి కారుతుంటే తీసేయాలి. తీశాక గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బుతో అరచేత్తో మెల్లగా కడగాలి. పీచు, బ్రష్ వద్దు. శుభ్రమైన గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. క్రీమ్ పలచగా, తడి మెరిసేంత చాలు. మందంగా పూస్తే గాలాడక చెమటకాయలు వస్తాయి.

ఊళ్లో ప్రతి ఒక్కరూ వైద్యం చెబుతారు. పసుపు పెట్టు, వేపాకు నూరి రాయి, కొబ్బరినూనె పట్టించు. ప్రేమతోనే చెబుతారు, వినండి, రాయకండి. పచ్చి టాటూ మీద అవేవీ పడవు. పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది. గోకితే అక్కడ రంగు ఊడుతుంది. అరచేత్తో పైన తట్టండి. రెండు, మూడు వారాలు బోర్లా పడుకోవాలి. పాత మెత్తని దుప్పటి వేసుకుని రోజూ మార్చండి, రంగు అంటుతుంది. నిద్రలో దుప్పటి అంటుకుపోతే లాగకండి, నీళ్లతో తడిపి విడిపించండి. బావిలో, కాలువలో, డిండి ప్రాజెక్టులో ఈత పూర్తిగా మానేదాకా వద్దు. షాపు పని మూడు, నాలుగు రోజులు ఆపండి. నేను వార్నిష్ పనికి, రంపపు పొట్టు, ఇనుప రజను లేచే పనికి ఇంకా ఎక్కువ దూరం ఉన్నాను.

మొదటి రెండు రోజుల ఎరుపు, వేడి మామూలే. ఆ తర్వాత ఎరుపు తగ్గకుండా పాకుతుంటే, చీము పడితే, జ్వరం వస్తే, చారలు చారలుగా ఎర్రబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగి చూసే వేళ కాదది. టాటూ సంగతి దాచకుండా చెప్పండి.

పూర్తయ్యాక

పైకి మానినట్టు కనిపించినా లోపలి పొర కుదురుకోవడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఎండే శత్రువు. పొలం పనిలో చొక్కా విప్పే అలవాటుంటే మానుకోవాలి, లేదా ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్ రాసుకోవాలి. అక్కడక్కడా రంగు అందని చోట్లుంటే టచప్ అడగండి, మంచి ఆర్టిస్టులు సాధారణంగా కాదనరు.

జపాన్ వెళ్లే అవకాశం వస్తే, అక్కడి వేడినీటి స్నానశాలలు చాలావాటిలో పచ్చబొట్టు ఉన్నవాళ్లను రానివ్వరని తెలుసుకుని వెళ్లండి. వాదన పెట్టుకోకండి. అనుమతించేవీ ఉన్నాయి, ముందే అడిగి వెళ్లండి. ఇక్కడ రక్తదానం చేసే అలవాటున్నవాళ్లు ప్రతి సిట్టింగు తర్వాత ఏడాది పాటు ఇవ్వలేరు. క్యాంపుకు వెళ్తే అడగకముందే చెప్పాలి. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించాల్సి వస్తే టెక్నీషియన్‌కు టాటూ ఉందని, ఎంత మేర ఉందో చెప్పండి. కొన్ని రంగుల్లో ఇనుము ఉంటుంది, అరుదుగా ఆ చోటు వేడెక్కుతుంది. అలా అనిపిస్తే చేతికిచ్చిన బెల్లు నొక్కితే వాళ్లు ఆపుతారు.